బస్తీ బ్యాటరీతో ఒక్క ఫేజు

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు బోధన్ సబ్‌డివిజన్. ఆపరేషన్ విభాగంలో ఏడీఈగా ఒక ఏప్రిల్ మొదట్లో చేరాను. చెరుకు ట్రాక్టర్ల రద్దీ తగ్గి, యాసంగి వరి కోతకు వస్తున్న రోజులవి. రిటైర్మెంటుకు అప్పటికి రెండేళ్లు కూడా లేవు. నిజామాబాద్‌లో మా ఇల్లు వదలకుండా, పొద్దున బస్సులో వెళ్లి సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని.

ఏడీఈ అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్. మాకు పైన డీఈ, అంటే డివిజనల్ ఇంజనీర్. కింద సెక్షన్‌కొక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్. స్తంభాలెక్కే జూనియర్ లైన్‌మన్ నుంచి, వాళ్ల మీద పెత్తనం చేసే లైన్ ఇన్‌స్పెక్టర్ దాకా అందరూ ఆ ఏఈల కింద ఉంటారు. కరెంటు పోతే మొదట మోగేది ఏఈ ఫోను. తిట్లు పెరిగిన కొద్దీ అవి ఏడీఈ ఫోనుకు ఎక్కుతాయి. ముప్పై ఏళ్లకు పైగా ఈ మెట్లన్నీ ఎక్కుతూ వచ్చాను కాబట్టి తిట్లకు నాకు పెద్ద భయం లేదు. బోధన్‌లో నాకు కొత్తగా అప్పగించిన పని మాత్రం కొంచెం భయపెట్టింది.

అది బస్తీ బ్యాటరీ. రైలు పట్టాల అవతల ఉన్న ఒక బస్తీలో మిద్దె ఇళ్లున్నవాళ్లు చాలామంది సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్నారు. మిట్టమధ్యాహ్నం ఆ ప్యానెళ్లు దండిగా కరెంటు తీస్తాయి. ఆ వేళకు ఇళ్లలో వాడేవాళ్లు తక్కువ. మిగిలింది ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి లైన్లోకి పోతుంది, వీధిలో వోల్టేజీ పెరుగుతుంది, బల్బులు మాడతాయి. పొద్దుగూకి అందరూ స్విచ్చులు వేసే వేళకు ఎండ ఉండదు. ఇంటికొక బ్యాటరీ కొనే స్తోమతు అందరికీ లేదు. కాబట్టి వీధికంతటికీ ఒకే బ్యాటరీ పెట్టి, పగటి మిగులును అందులో దాచి, సాయంత్రం అందరికీ వదలాలని ప్రయోగం. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన చిన్న గదంత ఇనుప డబ్బా ఒకటి దింపారు. లోపల బ్యాటరీలు, వాటి కరెంటును ఇళ్లలో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టరు, చల్లబరిచే ఫ్యాన్లు. దగ్గరికి వెళ్తే ఫ్రిజ్ లాంటి చప్పుడు వినిపించేది.

పని మొదలుపెట్టే ముందు బస్తీ వాళ్లతో ఒక సమావేశం పెట్టాను. ముగ్గురు మూడు రకాల మాటలు మాట్లాడారు. అవి తర్వాత ముఖ్యమయ్యాయి కాబట్టి చెబుతాను.

మొదటివారు గంగాధర్ సేఠ్. బోధన్ బజారులో నీళ్ల మోటర్ల దుకాణం. బస్తీలో అన్నిటికన్నా పెద్ద మిద్దె, ఎక్కువ ప్యానెళ్లు ఆయనవే. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే గిరాకీతో మరాఠీలో, మిగతావాళ్లతో తెలుగులో, అందరితో గట్టిగా మాట్లాడే మనిషి. "మేడం, ఎండ మా మిద్దె మీద పడుతది. ప్యానెల్ మేం పెట్టించుకున్నం. దాన్ని డబ్బల నింపి అందరికి పంచుతమంటె ఏం లెక్క?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. మిగులు ఇచ్చినంత మేరకు ఆయన బిల్లులో తగ్గుతుందని, సాయంత్రం ఆయనకూ అదే బ్యాటరీ నుంచి వస్తుందని వివరించాను. ఒప్పుకున్నాడు కానీ మొహం మాత్రం ఒప్పుకోలేదు.

రెండోవారు యూసుఫ్ సాబ్. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఊపిరితిత్తులు దెబ్బతిని, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీన్ మీద బతుకుతున్నారు. సమావేశానికి రాలేకపోయారు. మేమే ఆయన ఇంటి ముందు ఆగితే, ముక్కుకు గొట్టంతో గుమ్మంలో కూర్చుని మాట్లాడారు. రేకుల ఇల్లు, కిరాయిది. ప్యానెల్ పెట్టుకునే మిద్దే లేదు. కూతురు జరీనా బట్టలు కుట్టి ఇల్లు నడుపుతుంది. ఆయన అడిగింది ఒక్కటే: "బేటీ, లైన్ల కరెంటు పోతే గీ డబ్బ నా మెషీన్ నడుపుతదా?"

ఇప్పుడే నడపదు అని చెప్పవలసి వచ్చింది. ఊరి లైన్‌తో సంబంధం తెంచుకుని బ్యాటరీ ఒక్కటే వీధిని నడపడాన్ని మేం ఐలాండ్ మోడ్ అంటాం. బ్యాటరీ కంపెనీ ఇంజనీర్లు అది పనిచేస్తుందని పరీక్షించి చూపించారు. కానీ దాన్ని వాడకుండా ఆపింది నేనే. కారణం మూడో మనిషి.

అతను సాయిలు, మా లైన్ ఇన్‌స్పెక్టరు. లైన్ మీద పని చేయాలంటే మా పద్ధతి ఇది. సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. ఈ ఫీడర్‌ను, అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఈ లైన్‌ను ఆపాను, నువ్వు లైన్ క్లియర్ వెనక్కి ఇచ్చేదాకా చార్జ్ చేయను, కరెంటు వదలను అని ఆపరేటర్ ఇచ్చే మాట అది. తీసుకున్నవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తిరిగి ఇవ్వలేరు. ఈ పద్ధతికంతా ఆధారం ఒక నమ్మకం: కరెంటు సబ్‌స్టేషన్ వైపు నుంచే వస్తుంది. ఇళ్ల వైపు నుంచి వస్తే ఆ మాటకు విలువ లేదు. సాయిలు వర్నిలో పనిచేసిన రోజుల్లో ఒక ఫంక్షన్ హాల్ జనరేటర్ నుంచి అలాగే ఉల్టా కరెంటు వచ్చింది. సాయిలు జతగాడి చేయి కాలిపోయి, మోచేతి దాకా తీసేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉల్టా కరెంటును తగ్గించదు, పెంచుతుంది. ఇళ్ల వోల్టేజీని పదకొండు వేల వోల్టులు చేసి లైన్లోకి పంపుతుంది.

"మేడం, నాకు గా డబ్బ మీద నమ్మకం లేదు. లైన్ మీద మా చేతులుంటయ్. అది తప్పు జేస్తె చేసేదేం లేదు, మమ్ముల మోస్కపోవుడే" అన్నాడు సాయిలు. భద్రతా పద్ధతి రాసి, పైనుంచి అనుమతి వచ్చేదాకా ఐలాండ్ మోడ్ వాడవద్దని నేను ఆదేశం ఇచ్చాను. ఆ పద్ధతి రాసి పంపాను కూడా. అనుమతి ఇంకా రాలేదు.

అలా ఉండగా గాలిదుమారం వచ్చింది.

వానలకు ముందు మా వైపు అవి మామూలే. కానీ ఆ రోజుది మామూలుది కాదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆకాశం ఎర్రబడి, ఒక్కసారిగా గాలి లేచింది. రేకులు లేచాయి. చెట్లు పడ్డాయి. తర్వాత వాన. అది తెరిపి ఇచ్చేసరికి బోధన్ చుట్టూ ఫీడర్లు ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయ్యాయి. బస్తీకి వెళ్లే పదకొండు కేవీ లైను, పట్టాల అవతల చెరుకు తోటల్లో తెగింది. స్తంభాలు పక్కకు ఒరిగాయి. సాయిలు తన బృందంతో అప్పటికే అక్కడికి చేరి, లైన్ క్లియర్ తీసుకుని, తెగిన చోటుకు అటూ ఇటూ తీగలను భూమికి కలిపే రాడ్లు తగిలించి పని మొదలుపెట్టాడు. పొద్దుగూకే దాకా అవుతుందని ఫోనులో చెప్పాడు.

ఆ వెంటనే జరీనా ఫోను.

"మేడం, అబ్బాకు దమ్ ఆడుతలేదు. మెషీన్ బందైంది. చిన్న సిలిండర్ పెట్టిన, అది గూడ సాయంత్రం దాక రాదు. అంబులెన్స్‌కు ఫోన్ జేస్తె తొవ్వల చెట్లు పడ్డయంటుండ్రు. బ్రిడ్జి కింద నీళ్లు నిండినయ్. నేనేం జెయ్యాలె?"

రైలు పట్టాల కింద నుంచి బస్తీకి పోయే దారిలో వాన పడితే నీళ్లు నిలుస్తాయి. ఆ రోజు జీపు మునిగేంత ఉన్నాయి. మిగిలింది స్టేషన్ దగ్గరి కాలి వంతెన ఒక్కటే. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి ఆ మెట్లెక్కించి దించవచ్చు, కానీ అవతల ఎదురుచూసే అంబులెన్సు ఉంటేనే. అది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆ దారిని చివరికి ఉంచుకుందామని జరీనాకు చెప్పాను. ఆఫీసులో మిగిలిన ఒక్క లైన్‌మన్ నర్సింలును వెంటబెట్టుకుని కాలి వంతెన మీదుగా నడిచాను.

నడుస్తూనే డీఈ సార్‌కు ఫోను చేశాను. ఐలాండ్ మోడ్ వేస్తానని, అనుమతి కావాలని అడిగాను. ఆయన వెంటనే అవును అనలేదు, కాదు అనలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద స్విచ్ తెరిచాక మధ్యలోని ఖాళీ కంటికి కనిపిస్తుందా? దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? బ్యాటరీ ఆపవలసి వస్తే ఆపే మనిషి డబ్బా దగ్గరే నిలబడి ఉంటాడా? కనిపిస్తుంది, లైన్ మీద పనిచేసేవాడి దగ్గరే ఉంటుంది, నేనే నిలబడతాను అని చెప్పాను. "సాయిలు ఒప్పుకుంటే వెయ్యండి. నన్ను అడిగే వేశారని నేను చెబుతాను" అన్నారు. ఆ మాటతో సగం బరువు దిగింది. రెండో సగం సాయిలు దగ్గర ఉంది.

అతనికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "యూసుఫ్ సాబ్ నాకు తెల్వంది గాదు మేడం. కని నా కింద నలుగురు లైన్ మీదున్నరు. నేనొచ్చి నా కండ్లతోని సూసినంక ఏసుకోండ్రి. అందాక ముట్టద్దు" అన్నాడు.

అతను రావడమంటే అక్కడ పని ఆగడం. లైన్ మరింత ఆలస్యమవుతుంది. అయినా సరే రమ్మన్నాను. మనుషులందరినీ స్తంభాల మీదనుంచి దింపి, బురదలో మోటర్‌సైకిల్ తోసుకుంటూ, నడుపుకుంటూ వచ్చాడు.

ట్రాన్స్‌ఫార్మర్‌కు పై లైనుకు మధ్య ఏబీ స్విచ్ అని ఒకటి ఉంటుంది. కిందినుంచి రాడ్డు లాగితే పైన మూడు కత్తులు విడిపోయి, మధ్య ఖాళీ ఆకాశంలో స్పష్టంగా కనిపిస్తుంది. నర్సింలు అప్పటికే దాన్ని తెరిచాడు. సాయిలు మూడు ఖాళీలనూ కింది నుంచి, పక్క నుంచి చూశాడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వీధి వైపుకు పోయే ఫ్యూజులు తీయించి తన సంచిలో వేసుకున్నాడు. ఇప్పుడు బ్యాటరీకి, పై లైనుకు మధ్య రెండు చోట్ల సంబంధం తెగింది. స్విచ్ రాడ్డుకు తాళం వేసి, లాగి చూసి, చెవి జేబులో పెట్టుకున్నాడు.

"నేనొచ్చి తీసేదాక ఈ తాళం ఎవలు ముట్టద్దు. మీరు గూడ, మేడం" అన్నాడు. ముట్టనని చెప్పాను. ఒక ఏడీఈని లైన్ ఇన్‌స్పెక్టర్ అలా అనడం మా డిపార్ట్‌మెంటులో రోజూ జరిగేది కాదు. కానీ లైన్ క్లియర్ అతని పేరు మీద ఉంది. ఆ సమయంలో అతని మాటే చెల్లాలి.

అతను వెళ్లాక నా పని మొదలైంది. మబ్బు వల్ల ఆ రోజు బ్యాటరీ సగం కూడా నిండలేదు. వీధినంతటినీ దాని మీద పెడితే అందరూ ఫ్రిజ్‌లూ కూలర్లూ వేస్తారు, గంట తిరక్కుండా ఖాళీ అవుతుంది. వీధి కరెంటు మూడు ఫేజులుగా వస్తుంది. ఇళ్లను మూడు వాటాలుగా పంచినట్టు. యూసుఫ్ సాబ్ ఇల్లున్న ఫేజు ఒక్కటే ఇచ్చి, మిగతా రెంటినీ ఆపాలని నిర్ణయించాను. బ్యాటరీ కంపెనీ ఇంజనీరును ఫోనులో అడిగితే, అలా చేయవచ్చు కానీ ఇన్వర్టర్ శక్తిలో మూడో వంతే అందుతుంది, అంతకు మించితే తనంతట తానే ఆగిపోతుంది అని హెచ్చరించాడు.

అప్పటికి జనం గుమిగూడారు. గంగాధర్ సేఠ్ గొడుగు వేసుకుని ముందు నిలబడ్డాడు. ఆయన ఇల్లు వేరే ఫేజు మీద ఉంది.

"మా మిద్దె మీది ఎండతోని నిండిన డబ్బ. మేమే చీకట్ల కూసోవాల్నా మేడం?"

అవును, ఈ పూటకు కూర్చోవాలి అన్నాను. యూసుఫ్ సాబ్ ఇల్లు ఆ ఫేజు మీద ఉంది, అంతకు మించి కారణం లేదని చెప్పాను. ఆయన గొణుగుతూనే ఉన్నాడు. జవాబు చెప్పే తీరిక లేక, ఆ ఫేజు మీదున్న ఇళ్లవాళ్లకు ఒక లైటు, ఒక ఫ్యాను తప్ప ఏదీ వేయవద్దని ఇంటింటికీ చెప్పించాను. తర్వాత డబ్బా తలుపు తీసి, స్విచ్ తిప్పాను.

లైట్లు వెలిగాయి. సందు చివర జరీనా "మెషీన్ నడుస్తుంది!" అని అరిచింది. నలుగురు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే అంతా ఆరిపోయింది.

డబ్బా తెర మీద ఓవర్‌లోడ్ అని ఎర్ర అక్షరాలు. ఎవరు ఏం వేశారని అడిగితే, ఎవరూ ఏమీ వేయలేదని అందరూ ఒట్లు పెట్టారు. నర్సింలు నాలుగిళ్లలోకి వెళ్లి చూసి వచ్చాడు. నిజంగానే ఎవరూ ఏమీ వేయలేదు. జరీనా గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసింది. మళ్లీ సిలిండర్ తగిలించి వచ్చింది. దాని ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చిందని మాత్రం చెప్పింది. ఆమె గొంతు పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

నేను కళ్లు మూసుకుని, ఆ కొద్ది క్షణాల్లో ఏం విన్నానో గుర్తు చేసుకున్నాను. చప్పట్ల వెనక ఒక మూలుగు ఉంది, నీళ్ల మోటరు ఎత్తుకునేటప్పుడు వచ్చేది. ఒకటి కాదు, రెండు మూడు కలిసి. నిజామాబాద్ జిల్లాలో వ్యవసాయ ఫీడర్ల మీద పనిచేసిన ఎవరికైనా ఆ చప్పుడు తెలుసు. రైతులు బావి మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు రాగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మోటరు నడవడానికి కావలసిన దానికి అయిదారు రెట్లు లేవడానికి కావాలి. నేనూ ఒకప్పుడు వర్నిలో పనిచేశాను, ఆ స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పాను. పట్నం ఇళ్ల మీది ట్యాంకులకు అలాంటివే ఉంటాయని ఆ క్షణం దాకా తట్టలేదు. మధ్యాహ్నం నుంచి కరెంటు లేక ట్యాంకులన్నీ ఖాళీగా ఉండి ఉంటాయి. కరెంటు రాగానే వాటంతటవే మోటర్లను లేపాయి.

"ట్యాంకు ఖాళీ అయితే దానంతట అదే వేసుకునే మోటర్లు ఈ వరుసలో ఎవరెవరికి ఉన్నాయి?" అని గట్టిగా అడిగాను.

చాలామందికి తమ ఇంట్లో అది ఉందన్న సంగతే గుర్తుండదు. అది పెట్టించుకునేదే మరచిపోవడానికి. అప్పుడు గొడుగు కింద నుంచి సేఠ్ గొంతు వచ్చింది.

"అరె బాబా, అవి నేను అమ్మినయే గద! ఈ ఫేజుకు నాలుగున్నయ్. పండ్రి, సూపెడుత."

ఇంతసేపూ గొణిగిన మనిషి, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని సందులోకి నడిచాడు. మూడిళ్లలోకి తనే దూరి, ఆటోమేటిక్ పెట్టె ఎక్కడ బిగించారో వెతక్కుండా చూపించాడు. నర్సింలు స్విచ్చులు దించాడు. నాలుగో ఇల్లు తాళం వేసి ఉంది. ఒక టీచరు కుటుంబం, పెళ్లికి ఆర్మూర్ వెళ్లారు. ఫోను చేస్తే తీయలేదు.

"తాళం పలగ్గొడుదమా?" అన్నారెవరో.

అక్కర లేదన్నాను. బ్యాటరీ ఆగిపోయింది కాబట్టి వీధి లైన్లో కరెంటు లేదు. నర్సింలు నిచ్చెన వేసి, టెస్టర్‌తో చూసి, స్తంభం మీద ఆ ఇంటి సర్వీసు తీగ విప్పి చుట్టేశాడు. వేరే ఏమైనా ఉన్నాయా అని సేఠ్‌ను మళ్లీ అడిగాను. ఆయన ఒక్కో ఇంటివైపు వేలు చూపుతూ ఆలోచించి, లేవన్నాడు.

రెండోసారి స్విచ్ తిప్పేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లైట్లు వెలిగాయి. తెర మీద లోడు అంకె పైకి ఎక్కి, కొంచెం ఊగి, గీత కింద నిలబడింది. జరీనా పరుగున వచ్చింది. మెషీన్ నడుస్తోంది, అబ్బా మొహం తేటబడింది అని చెప్పి, ఆ మాట పూర్తి చేయకుండానే మళ్లీ లోపలికి వెళ్లింది.

డీఈ సార్‌కు ఇచ్చిన మాట ప్రకారం నేను డబ్బా దగ్గరే ఉన్నాను. ఎవరో కుర్చీ వేశారు, ఎవరో చాయ్ తెచ్చారు. కరెంటున్న వరుసలో ఒక ఇంటి అరుగు మీద, పక్క సందులోని ఆడవాళ్లు చాటలు తెచ్చుకుని బీడీలు చుట్టుకుంటూ కూర్చున్నారు. సేఠ్ మాత్రం ఇంటికి వెళ్లలేదు. లోడు అంకె చదవడం నా దగ్గర నేర్చుకుని తెర ముందు నిలబడ్డాడు. ఒకసారి ఆ అంకె ఉన్నట్టుండి ఎగిరింది. "ఎవలు గా కుక్కర్ ఏసింది? తియ్యుండ్రి! మల్ల బందైతదది!" అని ఆయన పెట్టిన కేకకు రెండు సందులు ఉలిక్కిపడ్డాయి. అంకె వెంటనే దిగింది. అన్నం కుక్కరు ఎవరిదో మాకు తెలియలేదు, మేం అడగలేదు.

పొద్దుగూకుతుండగా సాయిలు ఫోను చేశాడు. స్తంభాలు నిలబెట్టారు, తీగ లాగారు. ఇప్పుడు అన్నిటినీ వెనక నుంచి ముందుకు చేయాలి. ముందు బ్యాటరీ ఆపాలి. తర్వాత తాళం తీయాలి, స్విచ్ మూయాలి, ఫ్యూజులు పెట్టాలి. అటు లైన్ మీది రాడ్లు తీసి, మనుషులందరినీ లెక్క చూసుకుని, లైన్ క్లియర్ వెనక్కి ఇవ్వాలి. అప్పుడే సబ్‌స్టేషన్ ఫీడర్‌ను చార్జ్ చేస్తుంది. ఆ మధ్యలో యూసుఫ్ సాబ్ మళ్లీ సిలిండర్ మీద ఉండాలి. జరీనాను పిలిచి, సిలిండర్‌లో ఎంత మిగిలిందో చూసి, సరిపోతుందని ఆమె అన్నాకే బ్యాటరీ ఆపాను.

సాయిలు మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. "బందైందా?" అని అడిగాడు. బందయిందన్నాను. నా మాట విన్నాడు, కానీ తన టెస్టర్ తీసి మూడు ఫేజులూ తనే చూసుకున్నాడు. నాకు కోపం రాలేదు. అలా చూసుకోనివాడితో నేను పనిచేయాలనుకోను. తాళం తీశాడు, నర్సింలు స్విచ్ మూశాడు, ఫ్యూజులు పెట్టారు. సాయిలు తన మనుషులకు ఫోను చేసి రాడ్లు తీశారని రూఢి చేసుకుని, సబ్‌స్టేషన్‌కు ఫోను చేసి, తన పేరు చెప్పి, మనుషులందరూ కిందున్నారని చెప్పి లైన్ క్లియర్ ఇచ్చేశాడు.

కరెంటు వచ్చింది. ఈసారి మూడు ఫేజులకూ. సేఠ్ మిద్దె మీది లైటు కూడా వెలిగింది.

మేం యూసుఫ్ సాబ్ ఇంటికి వెళ్లాం. మెషీన్ చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. సాయిలును చూసి చేయి ఎత్తారు. నన్ను చూసి ఫిట్టరు అడగవలసిన ప్రశ్నే అడిగారు.

"ఫస్ట్ టైం ఎందుకు ట్రిప్ అయింది బేటీ?"

మోటర్ల సంగతి చెప్పాను. ఆయన నవ్వబోయి దగ్గారు, దగ్గి మళ్లీ నవ్వారు. "ఫ్యాక్టరీల గూడ గంతే. అన్ని మోటర్లు ఒక్కపారి లేపొద్దని ఫోర్‌మన్ ఒర్లుతుండె" అన్నారు. జరీనా అందరికీ చాయ్ పోసింది. సాయిలు బురద బట్టలతో లోపలికి రానని గుమ్మంలోనే తాగాడు. ఇటు యూసుఫ్ సాబ్, అటు సాయిలు మనుషులు నలుగురు, అందరూ బాగున్నారు. ఆఖరి బస్సు తప్పిపోయినా పట్టించుకోకుండా, ఆఫీసు జీపులో నిజామాబాద్ వెళ్లేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాను.

మర్నాడు డీఈ సార్‌కు రాతపూర్వకంగా అంతా పంపాను, ట్రిప్ అయిన సంగతితో సహా. కొద్ది వారాల తర్వాత ఐలాండ్ మోడ్‌కు పద్ధతి ఖరారైంది. ఏబీ స్విచ్ తాళంచెవి లైన్ క్లియర్ తీసుకున్నవాడి దగ్గరే ఉండాలన్నది అందులో మొదటి షరతు. మెషీన్ల మీద బతికే మనుషులున్న ఇళ్లకు బ్యాటరీ నుంచి విడిగా ఒక చిన్న లైను వేయించాం. కాబట్టి వీధి మొత్తం ఆగినా ఆ లైను ఆగదు. ట్యాంకు మోటర్లకు, కరెంటు వచ్చాక కొంతసేపు ఆగి ఒక్కొక్కటిగా లేచే పరికరం పెట్టించుకోమని బస్తీకి చెప్పాం. అదీ గంగాధర్ సేఠ్ దుకాణంలోనే దొరుకుతుంది. బాగానే అమ్మాడని విన్నాను. సాయిలుకు ఆ డబ్బా మీద నమ్మకం కుదిరిందా అంటే, కుదరలేదు. ఇప్పటికీ మూడు ఫేజులూ తనే చూసుకుంటాడట.

ఈ ప్రయోగాల గురించి కుర్ర ఇంజనీర్లు అడిగినప్పుడు బ్యాటరీ ఎంత పెద్దది, ఎన్ని గంటలు వస్తుంది అని మొదలుపెడతారు. అవి అవసరమే. కానీ ఆ రోజు నాకు తెలిసింది వేరు. సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటుకు ఎవరు వాడుతున్నారో తెలియకపోయినా నడుస్తుంది. వీధిలో దాచుకున్న కరెంటుకు అలా కుదరదు. ఏ ఇంట్లో ఏముందో, ఎవరికి ముందు కావాలో, ఎవరు ఆగగలరో తెలిసి ఉండాలి. దాన్ని వీధిలోకి వదిలే ముందు, అది ఎక్కడికి పోకూడదో అక్కడ తాళం వేసి, ప్రాణం పణంగా ఉన్నవాడి చేతికి చెవి ఇవ్వాలి. మిగతా ఇంజనీరింగు దాని తర్వాతే.